పాత్రనంటిన శేషము



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము పేరునకు రసాయనశాస్త్రమునకు చెందినదే యైనను, దాని మూలము ప్రతి గృహిణికిని, ప్రతి కంసాలికిని ఎరుకయైనదే. కడవలోని నూనెను వేరొక కడవలోనికి ఎంత జాగరూకతతో వంచినను తొలికడవ గోడలకు కొంత జిడ్డు అంటియే యుండును. బెల్లపు పాకమును దింపిన పెనమున ఒక పొర మిగిలియే తీరును. కంసాలి కొలిమి చుట్టును గల ధూళిలో బంగారు రజను చేరుటచేతనే కదా, ఆ ధూళిని కడిగి జీవనము గడుపుకొను జలగడుగువారు మన దేశమున నుండిరి. పాత్రను అంటుకొని మిగిలిపోవు ఈ శేషము కొన్ని ప్రాణాధారములైన ఔషధముల నిర్మాణచరిత్రలో ఎంతటి పని చేసినదో మీకు విన్నవించుటయే నా యుద్దేశము.

ఆ ఔషధముల జాతికి పెప్టైడులని పేరు. అమైనో ఆమ్లములను చిన్న పదార్థములు మన శరీరపు మాంసకృత్తులలో ముఖ్యముగా ఇరువది రకములున్నవి. పూలు దండగా కూర్చినట్లు వీనిని ఒకదాని తరువాత నొకటిగా కూర్చినచో పెప్టైడు ఏర్పడును. దండ మిక్కిలి పొడవైనచో దానినే మాంసకృత్తు అందురు. అయితే పూలదండలో ఒక చేమంతి బదులు ఒక బంతిపూవు పడినను దేవునికి సమర్పింపవచ్చును గాని, ఈ దండలో ఒక్క పూవు తప్పినను, వరుస మారినను, దాని గుణము సంపూర్ణముగా నశింపవచ్చును. ఈ మాటను దయతో జ్ఞాపకముంచుకొనుడు. తరువాత చెప్పబోవు కథయంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

మధుమేహ రోగులు సూదిమందుగా తీసికొను ఇన్సులిను ఇట్టి దండయే. అందు రెండు పేటలు, మొత్తము 51 అమైనో ఆమ్లములు గలవు. ప్రసవసమయమున గర్భాశయమును ముడుచుకొనజేసి, కాన్పు తరువాతి రక్తస్రావమును అరికట్టు ఆక్సిటోసిను అను మందు ఇంకను చిన్నది. అందున్నవి 9 మాత్రమే. పాడిగేదె దూడను చూచినంతనే పాలు చేపుటకు కారణము దాని శరీరములో పుట్టెడి ఈ ఆక్సిటోసినే. కొందరు పశువులకు ఈ మందునే సూదితో ఎక్కించి బలవంతముగా పాలు చేపించుట మీరెరుగనిది కాదు. అది నిషిద్ధమైన దురాచారము. తల్లుల ప్రాణములు కాపాడు వస్తువును అట్లు వాడుట చూడగా నాకు మిక్కిలి విచారము కలుగును. అది యటుండనిండు.

1921లో టొరంటో నగరమున ఇన్సులినును కనుగొన్న పిదప బహుకాలము దానిని పశువుల, పందుల క్లోమగ్రంథుల నుండియే తీయుచుండిరి. మానవుడు ఇట్టి పదార్థమును తన చేతులతో, గాజుపాత్రలలో, మొదటినుండి కట్టగలడా యను ప్రశ్న అంతకు ముందే పుట్టియుండెను. దానికి పునాది వైచినవాడు జర్మనీ దేశపు ఎమిల్ ఫిషరు పండితుడు. ఆయన 1901లో ఫూర్నో అను సహాయకునితో కూడి రెండు అమైనో ఆమ్లములు గల చిన్నపెప్టైడును తయారుచేసెను. 1907 నాటికి 18 అమైనో ఆమ్లముల దండను కూర్చెను. కాని అందు 15 గ్లైసిను అనునవియే, తక్కిన మూడును ల్యూసిను అనునవి. అనగా ఒకే రంగు పూలతో కూర్చిన దండ వంటిది. ప్రకృతి కూర్చు దండల చిత్రవర్ణము దానికి లేదు.

ఇందలి చిక్కును కొంచెము వివరింపవలసి యున్నది. ప్రతి అమైనో ఆమ్లమునకును రెండు కొనలు గలవు. రెండును కలియ నుత్సహించునవే. మనము ఒక కొననే కలుపదలచినపుడు రెండవ కొనకు తొడుగు తొడుగవలెను. పని ముగిసిన పిదప ఆ తొడుగును దండ తెగకుండ ఊడదీయవలెను. సులభముగా ఊడివచ్చు తొడుగును ఫిషరు శిష్యుడైన మాక్స్ బెర్గ్‌మన్, గ్రీసు దేశీయుడైన జెర్వాస్ అనువారలు 1932లో కనుగొనిరి. దానితో మార్గము తెరువబడెను. 1953లో అమెరికాలో విన్సెంట్ డు విగ్నో పండితుడు ఆక్సిటోసినును ప్రయోగశాలలో నిర్మించి, 1955లో నోబెల్ బహుమానమును పొందెను.

అయితే ఆ విధానము మహాకష్టతరము. ఒక్కొక్క పూవును చేర్చిన తరువాత, వచ్చిన పదార్థమును ద్రావణములోనుండి వేరుచేసి, స్ఫటికములుగా చేసి, వడబోసి, కడిగి, ఆరబెట్టి, తూచి, వేరొక పాత్రలోనికి మార్చి, అప్పుడు తరువాతి పూవునకు పూనుకొనవలెను. మార్చిన ప్రతిసారియు గోడలకు కొంత, వడపోత కాగితమునకు కొంత, కడిగిన నీళ్లలో కొంత నష్టమగును. ఊహకు ఒక లెక్క చెప్పెదను. ప్రతి మెట్టునను నూటికి 90 వంతులు మిగిలినవనుకొందము. ఎనిమిది మెట్లు గడచుసరికి నూటికి 43 వంతులే మిగులును. ఏబది మెట్లు గడచునాటికి నూటికి ఒక వంతైనను మిగులదు. అర వంతు మిగులుటయు గగనమే. పుట్టెడు ధాన్యముతో బయలుదేరి గుప్పెడుతో ఇల్లు చేరిన బేరమువలె నుండును.

ఈ నష్టమును నివారింప తలపెట్టినవాడు బ్రూస్ మెరిఫీల్డు అను అమెరికా దేశీయుడు. 1921లో టెక్సాస్ రాష్ట్రమున జన్మించి, 1949లో న్యూయార్కు నగరమందలి రాక్‌ఫెల్లరు సంస్థలో ఉద్యోగమున ప్రవేశించెను. అచ్చట చిన్న పెప్టైడులను పాత పద్ధతిని తయారుచేయుచు విసిగియుండిన ఈయనకు 1959 మే నెలలో ఒక యోచన తోచెను. దానిని ఆ నెల 26వ తేదీన తన పుస్తకమున వ్రాసికొనెను. యోచన ఎంత సులువైనదో చూడుడు. మన యిండ్లలో బియ్యము కడుగు తీరు మీకు తెలియును గదా. ఎసట పెట్టక ముందు బియ్యమును గిన్నె మార్చి మార్చి కడుగము. గిన్నెలోని గింజలు గిన్నెలోనే యుండును. కుడితినీరు మాత్రము వంచివేసి, మరల మంచినీరు పోయుదుము. మెరిఫీల్డు పండితుడును అట్లే, దండయొక్క మొదటి పూవును కరగని ఒక గింజకు గట్టిగా తగిలించి, ఆ గింజలనుండి పాత్రను మార్చకుండ, ద్రవములను మాత్రము పోసి వంచుచు, దండనంతను ఒక్క పాత్రలోనే కూర్చవచ్చునని తలచెను. పాత్ర మార్చుటయే లేనప్పుడు పాత్రకంటి పోవు నష్టమెక్కడిది?

తలచినంతలో పని కాలేదు. గింజగా పనికివచ్చు పదార్థమును వెదకుటకే చాలకాలము పట్టెను. తుదకు పాలిస్టైరీను అను రెజినుతో చేసిన సూక్ష్మమైన పూసలు తగినవని తేలెను. ఇవి కొన్ని ద్రవములలో వేసినచో నానిన సగ్గుబియ్యమువలె ఉబ్బును. దండలు పూస పైభాగముననే గాక లోపలగూడ పెరుగును. కంటికి నలుసువలె కానవచ్చు ఒక్క పూసలో లక్ష కోట్లకు మించిన దండలు ఒక్కసారిగా పెరుగుచుండునన్న మీరు నమ్ముదురో లేదో. 1963లో నాలుగు అమైనో ఆమ్లముల దండను ఈ విధముగా కూర్చి, తానొక్కడే రచయితగా ఆ వృత్తాంతమును ప్రకటించెను. 1964లో తొమ్మిదింటి దండయైన బ్రాడికైనినును కూర్చెను. పిదప స్టూవర్టు, యెర్న్‌బెర్గు అనువారల తోడ్పాటుతో ఈ పనిని తనంత తానుగా చేయు యంత్రమును నిర్మించెను. తొలి యంత్రము ఆయన ఇంటి నేలమాళిగలోనే రూపుదిద్దుకొనెను. దాని మెట్లను నడపునది మేకులు గ్రుచ్చిన ఒక తిరుగు పీపా. సంగీతపు పెట్టెలో మేకులు తగిలినపుడు స్వరము పలుకునట్లు, ఇందు మేకు తగిలినపుడు ఒక కవాటము తెరచుకొనును, ఒక పంపు నడచును.

ఇంతవరకు విన్నవారు, శేషము పీడ విరగడయైనదని తలంతురు. నిజమునకు అసలు కథ ఇచ్చటనే ఆరంభమగుచున్నది. వెనుకటి శేషము రాబడిని మాత్రమే తినివేయునది. ఈ క్రొత్త శేషము వస్తువునే చెరచునది. మొదటిది దొంగ, రెండవది కల్తీదారు. నా యభిప్రాయమున రెండవదే ప్రమాదకరము, ఏలయన దొంగతనము తూకములో తెలియును, కల్తీ తూకములో తెలియదు.

ఎట్లనగా: పాత్రలోని పూసలను ద్రవముతో కలియబెట్టునపుడు కొన్ని పూసలు పైకి చిమ్మి, ద్రవపు మట్టమునకు ఎగువన గాజుగోడకు అంటుకొనును. పప్పు కుతకుత ఉడుకునపుడు కుండమూతి దగ్గర అంటుకొను బద్దలవలెననుకొనుడు. పదునాలుగవ పూవును చేర్చు ఘడియలో ఆ పూసలు గోడపైననే యున్నవి. వానికి ఆ పూవు అందలేదు. తరువాత కడుగుటలో అవి జారి మరల క్రిందికి వచ్చినవి. పదునైదవ పూవు వానికిని తగులుకొనినది. ఇపుడు వానిపై నున్న దండలలో పదునాలుగవ పూవు లేదు. తక్కినవన్నియు యథాప్రకారముగా నున్నవి. ఏబది పూల దండకును నలుబదితొమ్మిది పూల దండకును బరువున భేదము స్వల్పము, నడవడియందు భేదము ఇంకను స్వల్పము. ఒకదానినుండి వేరొకదానిని ఏరుట బియ్యములోని తెల్లరాళ్లను ఏరుటకన్నను కష్టము. గోడనంటిన పూస కడవరకును అచ్చటనే యుండిపోయినచో అంత బాధ లేదు. కొంత నష్టము మాత్రమే. పోయి తిరిగి వచ్చునదే చేటు తెచ్చును.

దీనికి చేసిన ప్రతిక్రియలు రెండు. మొదటిది పాత్రను కదలించు విధము. మెరిఫీల్డు పండితుడు పాత్రలో కవ్వము త్రిప్పుటకు బదులు పాత్రనే మోటారు సాయమున ఊయలవలె ఊపించెను. అందువలన ద్రవము నలుప్రక్కల గోడలను తడుపుచు, అంటిన పూసలను దింపుచుండును. అయస్కాంతపు కడ్డీ వైచి త్రిప్పినచో వేరొక కీడున్నది: తిరుగలిలో పడినట్లు పూసలు నలిగి పిండియగును. ఆ పిండి పాత్ర అడుగున నున్న గాజు జల్లెడ రంధ్రములను పూడ్చును. ద్రవము దిగదు. దిగని ద్రవము తరువాతి ద్రవముతో కలిసి పనిని చెరచును. కావున పూసలను తిప్పవలెనే గాని నలుపరాదని ఈ విద్య నెరిగినవారందరు నొక్కి చెప్పుదురు.

రెండవది గాజునే మార్చుట. గాజు మన కంటికి నున్నగా కనిపించినను, దాని ఉపరితలమున నీటితో చెలిమి చేయు కొక్కెముల వంటివి అసంఖ్యాకముగా గలవు. అంటుకొనుటకు అవియే ఆస్కారమిచ్చును. సిలేను జాతికి చెందిన ఒక ద్రవముతో గాజును తడిపి కడిగి ఆరబెట్టినచో, ఆ కొక్కెములన్నిటికిని మూతలు పడును. పిదప ఆ గాజుపై నీటిబొట్టు వైచి చూడుడు. తామరాకుపై బొట్టువలె గుండ్రముగా జారిపోవును. తడి నిలువని చోట పూసయు సులభముగా నిలువదు. పెప్టైడులు కూర్చు ప్రయోగశాలలలో పాత్రకు ఈ పూత వేయుట ఆచారమైనది. పూత శాశ్వతము కాదు. మన కళాయి పాత్రకు కళాయి వెలసినపుడు మరల పూయించినట్లు, దీనినిగూడ అప్పుడప్పుడు మరల వేయవలెను.

ఇక ద్రవములనుండి పుట్టు శేషములున్నవి. రెండు అమైనో ఆమ్లములను కలుపుటకు మధ్యవర్తిగా ఒక పదార్థమును వాడుదురు. 1955లో షీహన్, హెస్ అనువారలు ఈ పనికి ప్రవేశపెట్టిన డైసైక్లోహెక్సైల్ కార్బోడైఇమైడు అను దానిని మెరిఫీల్డు పండితుడు ఉపయోగించెను. పేరు నోరు తిరుగనిది; పని మాత్రము దొడ్డది. కాని ఇది కలియికను కూర్చిన పిమ్మట ఒక జాతి యూరియాగా మారి, తెల్లని సున్నపు పొడివలె పేరుకొనును. మీరు పొలములకు చల్లు యూరియాకు ఇది దూరపు చుట్టము. చుట్టరికమేగాని గుణము వేరు: పొలపు యూరియా నీట ఇట్టే కరగును, ఇది పలు ద్రవములలో కరగనే కరగదు. పూసల నడుమ చేరి, జల్లెడను మూసి, గోడలకు పట్టును. మద్యసారము కలిపిన ద్రవముతో పలుమార్లు కడిగి దీనిని తొలగింపవలెను. తరువాతి కాలమున దీనికి మారుగా వేరొక కార్బోడైఇమైడు వచ్చెను. దాని శేషము పూసలను నానబెట్టు ద్రవములోనే కరగి కొట్టుకొనిపోవును. అంతకుముందు యూరియాతో తంటాలు పడినవారికి ఇది ఎంతటి ఊరటయో చెప్పనక్కరలేదు.

కొళాయికి పూయు మైనము మరియొకటి. పూర్వము గాజు కొళాయిలు బిగుసుకొనకుండుటకు సిలికోను మైనము పూయుచుండిరి. ద్రవములు దానిని కొంచెము కొంచెముగా కరగించి తెచ్చి వస్తువులో కలుపును. టెఫ్లాను అను జిగటలేని పదార్థముతో చేసిన కొళాయిలు వచ్చిన పిదప ఆ మైనముతో పని లేకపోయెను. పాత్రలను తోముటలోగూడ ఒక వింత యున్నది. క్రోమికామ్లము అను ఘోరమైన ద్రవముతో గాజును కడుగుట ఒకప్పుడు ప్రయోగశాలలలో గొప్ప శుభ్రతగా నెంచబడెను. అది మురికినంతను దహించును, నిజమే. కాని తానే క్రోమియము రూపమున గాజుకు అంటుకొని ఎంత కడిగినను వదలదు. శుభ్రము చేయ వచ్చినదే శేషమై కూర్చుండినది. పైగా ఆ క్రోమియము మనిషికి హానికరము. కనుక ఆ వాడుక చాలచోట్ల మానివేయబడినది.

దండ పూర్తియైన పిదప దానిని పూసనుండి ఊడదీయుట కడపటి మెట్టు. మెరిఫీల్డు పద్ధతిలో ఇందుకు హైడ్రోజన్ ఫ్లోరైడు ప్రసిద్ధమయ్యెను. ఇది గాజును తినివేయునట్టిది. చర్మమును తాకినచో ఎముకవరకును చొచ్చుకొనిపోవునది. కాబట్టి గాజుపాత్రలు పనికిరాక, ఫ్లోరిను గల ప్రత్యేకమైన ప్లాస్టిక్కుతో ఉపకరణములు చేయవలసివచ్చెను. 1970లో కార్పినో, హాన్ అనువారలు ఇంకొక జాతి తొడుగును కనుగొనిరి. 1978 ప్రాంతమున అది పూసల పద్ధతిలోనికి వచ్చిన పిదప హైడ్రోజన్ ఫ్లోరైడు అవసరము చాలవరకు తగ్గినది.

ఇన్ని శేషములున్నపుడు పని సరిగా జరిగినదో లేదో తెలియుటెట్లు? ఇందుకు చవకయైన, చక్కని పరీక్ష యొకటి 1970లో కైజరు మొదలగువారిచే ప్రకటింపబడెను. నిన్‌హైడ్రిను అను పదార్థము, తొడుగులేని అమైనో కొన తగిలినపుడు నీలవర్ణము దాల్చును. 1910లోనే రూహెమన్ అను పండితుడు ఈ రంగును గుర్తించియుండెను. పాత్రలోనుండి చిటికెడు పూసలను తీసి, ఈ మందు చుక్కలు వైచి, కొన్ని నిమిషములు వేడిచేయుదురు. పూసలు నీలమైనచో పూవు అందని దండలు ఇంకను ఉన్నవని అర్థము, మరల కలుపవలెను. రంగు రానిచో ముందునకు సాగవచ్చును. అన్నము మెతుకు పట్టి చూచినట్లే ఇదియు. అయితే మెతుకును ఎచ్చటనుండి తీసితిరను దానిపై ఫలితము ఆధారపడును. పాత్ర నడుమనుండి తీసిన పూసలు గోడనంటిన పూసల సంగతి చెప్పవు. కావున గోడలను ముందు కడిగి, అన్నిటిని కలిపి, పిదప తీయవలెను.

ఈ జాగ్రత్త ఎందులకో మరల ఒక లెక్కవలన తెలియును. ఏబది కలియికలు గల దండలో ప్రతి కలియికయు నూటికి 99 వంతులు నెరవేరినచో, తుదకు నూటికి 60 దండలు సరియైనవి వచ్చును. 95 వంతులే నెరవేరినచో సరియైనవి ఎనిమిది గూడ రావు. చూచుటకు నాలుగు వంతుల భేదమే, ఫలమున ఏడింతలకు మించి.

1969లో మెరిఫీల్డు, గుట్టె అనువారలు 124 అమైనో ఆమ్లములు గల రైబోన్యూక్లియేసు అను మాంసకృత్తును యంత్రముపై కూర్చిరి. 369 రసాయన క్రియలు, 11,931 యంత్రపు మెట్లు అందుకు పట్టినవి. నడుమ ఎచ్చటను పదార్థమును బయటికి తీసి శుద్ధిచేయలేదు. అది ప్రకృతిసిద్ధమైన మాంసకృత్తు చేయు పనిని కొంతవరకు చేసి చూపెను. లోకము ఆశ్చర్యపడెను. పాత పద్ధతివారు మాత్రము అంగీకరింపలేదు. “ప్రతి మెట్టునను శుద్ధిచేయని వస్తువు ఒక్క వస్తువు కాదు, పోలికగల వస్తువుల గుంపు” అనుట వారి వాదము. ఆ వాదమున సత్యము లేకపోలేదని నేననుకొందును. ఒక్కొక్క కలియికయు నూటికి 99 వంతులు నెరవేరినను అంత పొడవైన దండలు నూటికి 29 మాత్రమే లోపము లేనివి వచ్చును. కాని ప్రతివాదులు చూపిన లోపమునకు మందు వెనుకకు పోవుట కాదు. కలియికను ఇంకను పూర్తిచేయుట, చివర శుద్ధిచేయు విధమును మెరుగుపరచుట. ఆ దారినే శాస్త్రము నడచినది. 1984లో మెరిఫీల్డు పండితునకు నోబెల్ బహుమానము వచ్చెను. ఆయన 2006లో పరమపదించెను.

ఇన్సులిను మాటయు చెప్పవలసియున్నది. దాని పూల వరుసను ఇంగ్లండులో సాంగరు పండితుడు 1955 నాటికి పూర్తిగా తెలిసికొనెను. జర్మనీ, అమెరికా, చీనా దేశములందలి పండితులు వేర్వేరుగా 1963, 1965 సంవత్సరముల నడుమ దానిని ప్రయోగశాలలో కూర్చిరి. కాని నేడు రోగులకు లభించునది గాజుపాత్రలలో కూర్చినది కాదు. 1982 నుండి సూక్ష్మజీవులచే చేయించిన మానవ ఇన్సులిను వాడుకలోనికి వచ్చినది. పొడవైన దండలకు సూక్ష్మజీవులు, పొట్టి దండలకు పూసలు అని స్థూలముగా చెప్పవచ్చును.

సూక్ష్మజీవి చేసినను, యంత్రము చేసినను, పెప్టైడునకు గోడనంటు స్వభావము మాత్రము పోలేదు. మిక్కిలి పలుచగా కలిపిన ఇన్సులిను గాజుకును, ప్లాస్టిక్కుకును అంటుకొనును. ఆసుపత్రిలో రోగికి ఇన్సులినును బొట్టుబొట్టుగా రక్తనాళములోనికి ఎక్కించునపుడు, మొదటి బొట్లలోని మందు గొట్టపు గోడలకే పట్టి, రోగికి అందవలసినంత అందదు. అందుచేత తెలిసిన నర్సులు సుమారు 20 మిల్లీలీటర్ల మందునీటిని ముందుగా గొట్టముగుండ పారించి పారబోసి, గోడలు త్రాగవలసినది త్రాగిన పిమ్మటనే గొట్టమును రోగికి తగిలింతురు. మీ బంధువులెవరికైనను అట్లు చేయుచుండగా చూచినచో, మందు వృథా చేయుచున్నారని ఆమెను మందలింపకుడు.